పడవకు మోటారు - మోటారునకు కాపరి

కాడికి కట్టెడు ఎద్దునకు మేత వేయవలసినవాడెవడో నిర్ణయము లేని యింట సేద్యము సాగదు. ఈ సంగతి యెఱుగని కర్షకుడు లేడు. అయినను పదిమంది కలసి కొన్న వస్తువు విషయమున మనము దీనిని తఱచుగ మఱచుచున్నాము. గోదావరీ కృష్ణా నదుల లంకలలో సేద్యము చేయు సోదరులకు ఉమ్మడి పడవయు, దాని వెనుకపలకకు బిగించిన చిన్న మోటారును నేడు అరకవలెనే అవసరములైనవి. ఆ మోటారును పోషించుటను గూర్చియు, దానిని సరిపఱచుకొను పద్ధతిని గూర్చియు మా యభిప్రాయమును ఈ నెల పాఠకులకు మనవి చేయుచున్నాము.

ఆ యభిప్రాయము చిన్నదే. మోటారు యంత్రదోషమువలన చెడుట అరుదు. దాని భారము ఏ యొక్కనిపైనను లేకపోవుటవలన చెడుట మెండు. కావున పడవగల ప్రతి సంఘమును మోటారునకొక కాపరిని పేరుపెట్టి నియమింపవలెను, అతనికి ప్రతిఫలమీయవలెను, అతనిచేత ఒక లెక్కపుస్తకము వ్రాయింపవలెను.

లంకరైతు కష్టము గట్టున నుండువారికి పూర్తిగ తెలియదు. అరటిగెలలు, కూరగాయలు, పూలు, పాలు - ఇవన్నియు ప్రొద్దు పొడవకముందే ఏటిని దాటవలెను. ఎరువులును, విత్తనములును, ఇంటికి వలయు వెచ్చములును తిరిగి ఆ పడవపైననే రావలెను. గెలలు కోసి రేవున పేర్చిన తరువాత మోటారు పలుకకున్నచో, గడవేసి తెడ్డువేసి ఆవలిగట్టు చేరునప్పటికి బేరగాండ్రు చెదరిపోవుదురు; మిగిలిన ఒకరిద్దఱు చెప్పిన ధరకు సరకు దించి రావలసివచ్చును. ఏడాది కష్టమునకు రావలసిన ఫలము ఒక ప్లగ్గునకంటిన మసివలన తఱుగుట కన్న చింతింపదగిన దేమున్నది?

ఇది మామూలు దినముల మాట. వరదకాలపు మాట వేఱు. 1986 ఆగష్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగుల మట్టమునకు పెరిగినది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. అట్టి సమయములందు కోనసీమ లంకవాసులకు గట్టుతో సంబంధము పడవ యొక్కటియే. వృద్ధులను, గర్భిణులను, పసిబిడ్డలను దాటింపవలసిన ఆ దినమున మోటారు మొదటి లాగుడునకే పలుకవలెను. అది ఆనాడు పలుకునో పలుకదో యన్నది, అంతకు ఆఱునెలల ముందునుండి దానిని మనమెట్లు చూచితిమన్న దానిపై ఆధారపడి యుండును.

ఈ యంత్రపు స్వభావమును కొంత తెలిసికొనుట మంచిది. నార్వే దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్రూడు 1909లో అమ్మకమునకు పెట్టిన మోటారు ఒకటిన్నర గుఱ్ఱపు బలము గలది. ఒక మనిషి మోసికొని పోదగినది. అంతకుముందును ఇట్టి యంత్రములు లేకపోలేదు గాని, జనసామాన్యములో ఇవి వ్యాపించుటకు అది ముఖ్యకారణమైనది. నాటికిని నేటికిని కట్టడి యొక్కటే: పైన ఇంజను, నడుమ నిలువు ఇరుసు, అడుగున నీటిలో గేరుపెట్టె, దానికి తగిలించిన పంకా. తేలికగా నుండుటయే దీని గొప్పతనము. ఆ తేలికతనమే దీని సుకుమారమునకును కారణము. ఇది మిక్కిలి వేగముగ తిరుగును. తాను నిలిచిన ఏటినీటినే పీల్చి చల్లబడును. ఏటిలోని ఇసుక, ఉప్పు, గుఱ్ఱపుడెక్క అన్నిటిని భరించును. పొలములో నీరుతోడు ఇంజనును చూచినట్లు మొరటుగ చూచిన సహింపదు.

"మోటారు ఆగినప్పుడు మేస్త్రిని పిలుతుము, నడచుచుండగా దాని జోలి యేల?" అని కొందఱందురు. ఈ వాదము వినుటకు పొదుపుగా నుండును గాని లెక్కకు నిలువదు. మేస్త్రి పట్టణమున నుండును. అతనికి కావలసిన సామాను ఇంకను దూరమున నుండును. అతడు వచ్చువఱకు పడవ రేవున పడియుండును. తీరా వచ్చి విప్పిచూచినప్పుడు కనబడునది చాలసార్లు పెట్రోలులోని నీరో, ఫిల్టరులోని చెత్తయో, మసిపట్టిన ప్లగ్గో తప్ప వేఱొకటి కాదు. గడియసేపు శ్రద్ధతో పోవునది నాలుగు దినముల నష్టముగా పరిణమించును. ఏరు దాటగానే తెప్పను తగులబెట్టువాని తెలివియు, రేవు చేరగానే మోటారును మఱచువాని తెలివియు ఒక్కటే.

దీనికి ఎదురుగా మఱియొక తెగ కలదు. వారు మోటారు కొంచెము గొణిగినచో మరచుట్లు పట్టుకొని కార్బురేటరు మరలను త్రిప్పుటకు మొదలిడుదురు. ఒకడు త్రిప్పినదానిని మఱియొకడు మార్చును; మూడవవాడు వచ్చునప్పటికి మొదటి స్థితి యేదో ఎవరికిని తెలియదు. సరిచేయుట యనగా మరలు త్రిప్పుట కాదు. ఇంధనము, నూనె, చల్లదనము, నిప్పు - ఈ నాలుగును సరిగా నున్నవని తేల్చుకొనిన తరువాతనే మరల జోలికి పోవలెను. చాలసార్లు ఆ యవసరమే కలుగదు.

మొదట ఇంధనము. నేడు మనకు దొరకు పెట్రోలులో ఇథనాలు కలిసియుండును. దేశములో ఈ మిశ్రమము 2022లో 10 శాతమునకును, 2025లో 20 శాతమునకును చేరినది. ఇథనాలునకు గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. ఏటిగట్టున మూత వదులైన డబ్బాలో నెలల తరబడి నిలిచిన పెట్రోలునందు నీరును ఇథనాలును కలసి అడుగునకు దిగును. మోటారు గొట్టము పీల్చునది ఆ యడుగుననే. పడవ మోటార్లు చేయు పెద్ద కంపెనీల పుస్తకములు పెక్కింటిలో 10 శాతమునకు మించిన ఇథనాలు వలదని వ్రాయబడియున్నది. కావున కొనునప్పుడే ఈ విషయమును అమ్మువాని నడిగి వ్రాతమూలకముగా తీసికొనవలెను. ఇప్పటికే మోటారున్న వారు పెట్రోలును ఏ వారమునకు చాలునది ఆ వారమే తెచ్చుకొనవలెను. నీటిని వేఱుచేయు ఫిల్టరు నొకదానిని గొట్టమునకు నడుమ అమర్చుకొనవలెను. రబ్బరు గొట్టములు మెత్తబడినవో పగిలినవో నెలకొకసారి చేతితో నొక్కి చూడవలెను. కొన్ని వారములు మోటారును ఆపి యుంచవలసి వచ్చినచో, గొట్టము ఊడదీసి, కార్బురేటరులోని పెట్రోలు తీఱువఱకు నీటిలోనే నడిపి ఆపవలెను.

తరువాత నూనె. రెండు స్ట్రోకుల చిన్న మోటార్లలో పెట్రోలునందు కలిపిన నూనెయే ఇంజనుకు ప్రాణము. నేటి మోటార్లలో చాలవానికి 50 పాళ్ల పెట్రోలునకు 1 పాలు నూనె, అనగా లీటరునకు 20 మిల్లీలీటర్లు చెప్పబడును. పాత మోటార్లకును, కిరసనాయిలుతో నడచు మోటార్లకును పాళ్లు వేఱు; ఆ కంపెనీవారి పుస్తకమే ప్రమాణము. "ఒక డబ్బా నూనె మిగిలినది" అని సంతోషించువాడు పిస్టను ఖరీదు నడిగి తెలిసికొనవలెను. అట్లని ఎక్కువ పోయుటయు మేలు కాదు. ప్లగ్గు మసిబాఱును, పొగ కమ్మును. మోటారు సైకిలునకు వాడు నూనెను దీనికి పోయరాదు. నీటితో చల్లబడు మోటార్లకని టి.సి.-డబ్ల్యు.3 గుర్తుగల నూనెనే కొనవలెను. నాలుగు స్ట్రోకుల మోటారునకు నూనె వేఱుగ నుండును. దానిని మొదట 20 గంటల నడకకును, ఆపైన 100 గంటలకొకసారియు మార్చుట వాడుక. ఎన్ని గంటలు నడచినదో వ్రాసికొననివానికి ఈ నియమము తెలిసియు ప్రయోజనము లేదు.

మూడవది చల్లదనము. మోటారు నడచునంతసేపు దాని వెనుకనుండి సన్నని నీటిధార చిమ్ముచుండవలెను. ఆ ధార నిలిచినచో మఱుక్షణమే మోటారు నాపవలెను. "గట్టు దగ్గఱనే యున్నది, చేరిన తరువాత చూతము" అనరాదు. గుఱ్ఱపుడెక్క వేళ్లో, ప్లాస్టిక్ సంచియో నీరు పీల్చు జల్లెడకు అడ్డుపడియుండవచ్చును. లేదా లోపలి నీటిపంపు రబ్బరు చక్రము అఱిగియుండవచ్చును. వరదకాలపు ఎఱ్ఱనీటిలోని ఒండ్రు ఆ రబ్బరును వేగముగ తినివేయును. దానిని ఏడాదికొకసారి విప్పి చూచి, రెక్కలు వంగినను పగిలినను మార్చవలెను. నీటిలో ముంచక మోటారును నడుపరాదు. కొలది క్షణములలోనే ఆ రబ్బరు మాడిపోవును. గట్టుపై పరీక్షింపవలెనన్న నిండు నీటిపీపాలో నుంచి పరీక్షింపవలెను. అంతర్వేది, యానాము, హంసలదీవి ప్రాంతములందు సముద్రపు పోటునీరు నదిలోనికి వచ్చును గదా. అట్టి నీట నడచిన మోటారును ఆ దినమే మంచినీటితో లోపల కడుగవలెను. ఉప్పు చేయు చెఱుపు కంటికి కనబడునప్పటికి చేయి దాటిపోయి యుండును.

నాలుగవది నిప్పు. ప్లగ్గును విప్పి చూచుట నాడి చూచుటవంటిది. దాని మొన లేత గోధుమవన్నె నున్నచో ఇంజను ఆరోగ్యముగ నున్నది. నల్లని తడిమసి యున్నచో పెట్రోలో నూనెయో ఎక్కువగుచున్నది. సున్నమువలె తెల్లబడినచో పెట్రోలు చాలక ఇంజను కాలుచున్నదని యర్థము. ఇది మిక్కిలి అపాయము. మొనల నడుమ సందును ఫీలరు గేజితో కొలిచి, పుస్తకములో చెప్పినంత యుంచవలెను. వేళ్ల అంచనా పనికిరాదు. మార్చునప్పుడు అంగడివాడు చూపిన ప్లగ్గును కాక, పుస్తకములో వ్రాసిన నెంబరు ప్లగ్గునే అడుగవలెను.

అడుగున నీటిలో మునిగియుండు గేరుపెట్టెను ఎక్కువమంది చూడనే చూడరు. దాని నూనెను ఏడాదికొకసారియైనను, 100 గంటలకొకసారియైనను మార్చవలెను. క్రింది మరను విప్పినప్పుడు నూనె పాలవలె తెల్లగా వచ్చినచో నీరు చొరబడినదని తెలియవలెను. క్రొత్త నూనెను క్రింది రంధ్రమునుండి ఎక్కించి, పై రంధ్రమున పొర్లువఱకు నింపవలెను. పైనుండి పోసినచో నడుమ గాలి నిలిచిపోవును. పంకాను నెలకొకసారి ఊడదీసి, దాని వెనుక ఇరుసుకు వలదారము చుట్టుకొన్నదేమో చూడవలెను. ఆ సన్నని దారమే నీరాపు సీలును కోసివేయును. ఇసుకమేటలు తగులు మన నదులలో పంకా పిన్ను తెగుట సామాన్యము. పిన్ను తెగి గేరును కాపాడుటకే అట్లు చేయబడినది. తెగినదానికి బదులు ఇనుపమేకు కొట్టి నడిపినచో తరువాతి దెబ్బకు తెగునది గేరే. రెండు పిన్నులు, ఒక ప్లగ్గు, ఒక లాగుడు త్రాడు, ఒక మరచుట్టు - ఇవి పడవలో ఎల్లప్పుడును ఉండవలసినవి.

ఇవన్నియు సరిగా నున్న పిమ్మటనే కార్బురేటరు సంగతి. చిన్న మోటార్లలో నెమ్మదినడకకు సంబంధించిన మిశ్రమపు మర యొకటి యుండును. మోటారును నీటిలో వేడెక్కనిచ్చి, గేరు వేసి, పడవను గట్టిగ కట్టి, ఆ మరను మెల్లమెల్లగ లోపలికి త్రిప్పవలెను. ఒకచోట మోటారు తడబడును. ఆ చోటును గుర్తింపవలెను. పిమ్మట వెలుపలికి త్రిప్పుచు రాగా మఱియొకచోట ముక్కుచు బరువుగ నడచును. ఆ రెంటి నడుమ, కొంచెము వెలుపలివైపునకు మొగ్గునట్లు నిలుపవలెను. త్రిప్పకముందే అది ఎన్ని చుట్లు విప్పియున్నదో వ్రాసికొనుట మఱవరాదు. వేగము కొఱకు పెట్రోలు తగ్గించి నడుపుట కొందఱికి సరదా. అట్లు నడచిన మోటారు నాలుగు దినములు చుఱుకుగనే పోవును; అయిదవ దినమున పిస్టను కరగును. నేడు వచ్చు క్రొత్త మోటార్లు కొన్నిటిలో ఈ మరలకు ముద్ర వేసియుందురు. మఱి కొన్నిటిలో కార్బురేటరే యుండదు. వానిని ముట్టకుండుటయే మేలు.

వేగము కావలసినవారు ఖర్చులేని మార్గము లుండగా వానిని చూడరు. పంకాకు పైగానుండు అడ్డుపలక పడవ అడుగుమట్టమునకు సమముగనో, ఒకటి రెండంగుళములు దిగువగనో ఉండునట్లు మోటారును నిలుపవలెను. మఱీ పైకున్నచో పంకా గాలి పీల్చి వట్టినే తిరుగును. మఱీ దిగువనున్నచో నీటిని ఊరక ఈడ్చుచుండును. గెలలన్నియు వెనుకకు పేర్చి పడవ ముక్కును ఆకాశమునకెత్తి నడుపువారు, బరువును నడిమికి సర్దినచో పెట్రోలు తగ్గి పరుగు పెరుగుట కన్నులార చూడగలరు.

ఇంతవఱకు చెప్పినదానిలో కష్టసాధ్యమైనది ఒక్కటియు లేదు. ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టనేర్చిన చేతులకు ఇవి యసాధ్యములు కావు. మఱి యేల జరుగుటలేదు? ఇదియే మా ప్రశ్న. ప్రతి సభ్యుడును పడవను తనదనుకొని ఎక్కును, పరులదనుకొని దిగును. ఎవరిదని యడిగిన అందఱిదని జవాబు. ఎవరు చూచుచున్నారని యడిగిన మౌనము జవాబు. సహకారమనగా అందఱును అన్ని పనులు చేయుట కాదు. అందఱి పక్షమున ఒకడు చేయు పనికి అందఱును అండగా నిలుచుట.

అందువలన కాపరిని నియమించునప్పుడు మూడు కట్టుబాట్లు అవసరమని తలంచుచున్నాము. మొదటిది, అతడు ఊరిలోనే యుండువాడు కావలెను, అతనితోడ పని నేర్చుకొను మఱియొకరు ఉండవలెను. ఆ రెండవవారు ఒక యువతి యైనను మాకు సంతోషమే. ఈ పనికి బలముకన్న శ్రద్ధ ముఖ్యము. రెండవది, మోటారు నడచిన గంటలనుబట్టి అతనికి ప్రతిఫలము ముట్టవలెను. ఉచితముగ చేయు పని మొదట ఉత్సాహముతోను, తరువాత మొగమాటముతోను సాగి, తుదకు నిలిచిపోవును. మూడవది అన్నిటికన్న ముఖ్యము: "ఈ దినము మోటారు నడుపరాదు" అని చెప్పు అధికారము అతనికుండవలెను. అధ్యక్షుని యింటి పెండ్లికి పడవ కావలసియున్నను, కాపరి కాదన్నచో కాదనియే. ఈ యధికారమీయని సంఘము కాపరిని కాక నిందలు మోయువానిని నియమించుకొన్నట్లగును.

లెక్కపుస్తకమనగా పెద్ద గ్రంథము కాదు. తేది, నడిపినవాని పేరు, నడచిన గంటలు, పోసిన పెట్రోలు, కలిపిన నూనె, కనబడిన లోపము - ఈ ఆఱు గళ్లు చాలును. గంటకు మూడు లీటర్లు త్రాగుచుండిన మోటారు అదే బరువుతో అదే దారిని నాలుగు లీటర్లు త్రాగసాగినచో, మోటారు నోరు విప్పకముందే పుస్తకము చెప్పివేయును. ఒకనిపై నొకడు తప్పు మోపుకొను తగవులును ఆ పుస్తకముతో చాలవఱకు తీఱును.

ఖర్చు మాట యెత్తువారికి మా సమాధానమిది. ప్రతి దాటింపు రుసుములోను కొంత భాగమును మోటారు పేరిట విడిగ జమకట్టుడు. ఆ సొమ్మును మఱి దేనికిని తీయకుడు. వేలకొలది రూప్యములు పోసి మోటారు కొని, ప్లగ్గునకు లెక్కచూచుట ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయుట వంటిది. కొనునప్పుడును ధర యొక్కటే చూడక, విడిభాగములు దగ్గఱలో దొరకునో లేదో చూడవలెను. ఎవిన్రూడు పేరు వహించిన మోటార్ల తయారీయే 2020లో నిలిచిపోయినది. ఎంత పేరు గలదైనను శాశ్వతము కాదనుటకు ఇది చాలు. ఒక రేవు పరిసరములందలి సంఘములన్నియు ఒకే రకపు మోటారును కొన్నచో, విడిభాగములను కలసి నిలువచేసికొనవచ్చును. ఒకరి కాపరి మఱియొకరికి సాయపడవచ్చును.

మృగశిర కార్తె రాకముందే నాగళ్లు సరిచూచుకొనుట మనకు వాడుక. మోటారును సంపూర్ణముగ విప్పి చూచుటకును అదియే తగిన గడువు. ఆ తరువాత వరదలు మనకొఱకు ఆగవు. ఆనాడే ఈదుడు చొక్కాలు ఎన్ని యున్నవో, నడుపువాని మణికట్టునకు తగిలించు ఆపుత్రాడు పనిచేయుచున్నదో లేదో పరీక్షింపవలెను. పడవనుండి మనిషి జాఱిపడినప్పుడు మోటారు నాపునది ఆ త్రాడే.

రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సభ్యుడును లేచి మూడు ప్రశ్నలడుగవలెనని మా కోరిక. మన మోటారునకు కాపరి ఎవరు? అతని పుస్తకము ఎక్కడ? మోటారు నిధిలో నేటికి సొమ్మెంత? ఈ మూడింటికి వెంటనే జవాబు దొరకిన సంఘపు పడవలో బిడ్డలను ఎక్కింప వెనుదీయ పనిలేదు. జవాబు దొరకనిచోట, ఆ సమావేశము ముగియకముందే కాపరి పేరును తీర్మానపుస్తకమున వ్రాయింపుడు.